ఆనందరావు ముక్కు

ఆనందరావుకి వాసన తెలియడం లేదన్న సంగతి ఈ భూప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆనందరావు, రెండోవారు ఆయన భార్య కుసుమ. కుసుమకి తెలుసన్న సంగతి మాత్రం ఆనందరావుకి తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

వాసన తెలియకపోతే కొంప మునిగిందా అనొచ్చు ఎవరైనా. మునిగినట్టే మరి. ఆయన తిండి తినేది ఆ ముక్కు మీదే. గ్రెగ్ అనే ఆయన ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో చిన్న వైన్ వ్యాపారం చేస్తాడు. దేశదేశాల నుంచి వైన్లు తెప్పించి ఊళ్ళో రెస్టారెంట్లకి అమ్ముతాడు. ఏ సీసా తెప్పించాలో, ఏది వద్దో వాసన చూసి, రుచి చూసి చెప్పే పని ఆనందరావుది. ముక్కు లేని కొనుగోలుదారుణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

గుంటూర్లో ఉన్న రోజుల్లో ఆయన పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్ చేసేవాడు. బేలులో చెయ్యి పెట్టి ఒక్క ఆకు లాగి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆకు ఆరబెట్టే ఈ బ్యారన్‌లో మంట ఎక్కువైంది, ఈ ఆకు తడి ఆరకుండా కట్టారు అని చెప్పేవాడట. తర్వాత కుసుమకి వీసా వచ్చింది. ఆమె గవర్నమెంటు ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్టులు చేస్తుంది. ఆమె వెనకాల ఈయన వచ్చాడు. కొన్నాళ్ళు టాక్సీ తోలాడు. కొన్నాళ్ళు సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దాడు. చలికాలం మురంబేట్‌మన్ అనే పక్క ఊరి వైపు ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించడానికి వెళ్ళి, మెల్లగా తోటలోంచి పీపాల గదిలోకి, అక్కణ్ణుంచి గ్రెగ్ కొట్లోకి చేరాడు. మొత్తానికి ఇక్కడ కూడా మళ్ళీ ముక్కే అన్నం పెట్టింది.

కుసుమకి ఈ ఉద్యోగం నచ్చిందని చెబితే అబద్ధమే. గుంటూరు నుంచి ఎవరైనా ఫోన్లో అల్లుడుగారేం చేస్తున్నారని అడిగితే, ఫుడ్ ఇండస్ట్రీ అని మాట తప్పించేది. తాగడం సంగతి అలా ఉంచండి, ఆయన తాగడు కూడా. నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్‌లో ఉమ్మేస్తాడు. ఆ ఉమ్మడమే ఆమెకి గిట్టేది కాదు. ఎంగిలి బకెట్ నా గడప దాటకూడదు అని మొదటి రోజే చెప్పేసింది. ఆయన కూడా మారు మాట్లాడకుండా గరాజులో కారు పక్కన బల్ల వేసుకున్నాడు. గంగాలిన్ పేటలో వాళ్ళ వీధి చివర ట్రామ్ మలుపు తిరిగే చప్పుడు వింటూ, చలికి స్వెట్టర్ వేసుకుని, ఆ బల్ల దగ్గరే ఏళ్ళ తరబడి పని చేసుకున్నాడు.

ఈ ఏడు జూన్లో, ఇక్కడి చలికాలం మొదట్లో ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. కుసుమకి తగ్గింది. ఆయనకీ తగ్గిందనే అనుకుంది. ఒకరోజు పొద్దున ఆమె స్నానానికి వెళుతూ పాలు పొయ్యి మీద పెట్టింది. బయటికి వచ్చేసరికి గిన్నె నల్లగా మాడి ఇల్లంతా కంపు కొడుతోంది. ఆనందరావు ఆ పొయ్యి పక్కనే కుర్చీలో కూర్చుని ఫోన్లో వార్తలు చదువుకుంటున్నాడు. ఆయన తలెత్తి, ఏమిటలా నిలబడ్డావ్ అని అడిగాడు. ఆమె ఏమీ లేదని గిన్నె తీసుకెళ్ళి సింకులో పడేసింది.

అడగొచ్చుగా అంటారా? అడగలేదు. ఆయనే చెబుతాడని చూసింది. ఈరోజు చెబుతాడు, రేపు చెబుతాడు అనుకుంటూ వారాలు గడిపింది. ఆయన చెప్పలేదు సరికదా, పోపు వేగుతుంటే ఆహా ఏం వాసన అని నాటకం మొదలుపెట్టాడు. ఇంగువ వెయ్యని రోజు కూడా ఇంగువ ఘుమఘుమ అన్నాడు. అప్పుడు ఆమెకి జాలి పోయి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన పెళ్ళానికి చెప్పుకోలేనిదేముంది? గరాజులోంచి మాత్రం ఎప్పటిలాగే పుక్కిలించిన చప్పుడు వినబడుతూనే ఉంది. తయారీదారులు పంపిన వివరాలు చదివి, రంగు చూసి, తీపి పులుపు నాలుక మీద చూసుకుని, మిగతాది జ్ఞాపకం మీద రాసి పంపుతున్నాడని ఆమెకి అర్థమైంది. ఎవరో ఒకరు పట్టుకునే రోజు వస్తుందని భయంభయంగా ఎదురు చూసింది.

ఆ రోజు వసంతకాలంలో ఒక శనివారం వచ్చింది. గ్రెగ్‌కి కొత్త పిచ్చి పట్టింది. అమెరికా అంటే అందరూ కాలిఫోర్నియా అంటారు, అది కాకుండా ఎవరూ పట్టించుకోని రాష్ట్రాల్లో మంచి వైన్ ఉంది, అది మనం తెద్దాం అన్నాడు. మిషిగన్, వర్జీనియా, మిస్సోరీ, టెక్సస్, ఐడహో నుంచి నమూనా సీసాలు వచ్చాయి. పెద్ద కొనుగోలు చేసేటప్పుడు గ్రెగ్‌కి ఒక పద్ధతుంది. ఆఖరి నిర్ణయం కొట్లో జరగకూడదు, ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే జరగాలి. జనం తాగేది ఇళ్ళల్లోనే కదా అంటాడు. ఈసారి మీ ఇంట్లో అన్నాడు, కుసుమ వంట అంటే ఇష్టం కాబట్టి. శనివారం మధ్యాహ్నానికి టెస్ అనే రెస్టారెంట్ ఆవిడను కూడా తీసుకొస్తానన్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడని ఆనందరావు సరేనన్నాడు. కుసుమ కూడా అదే భయంతో బకెట్‌ని ఇంట్లోకి రానిచ్చింది.

వైన్ రుచి చూసే ఇంట్లో వంట వాసన ఉండకూడదు. అందుకని ఆమె పొద్దుటి నుంచీ వెనక పెరట్లో బార్బిక్యూకి పక్కనున్న పొయ్యి మీదే చెకోడీలు వండింది. ఇంట్లో ఆనందరావు బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, గ్రెగ్ ఎప్పుడో పండగకి బహుమానంగా ఇచ్చిన పలచటి గ్లాసులు తీసి వేడి నీళ్ళతో కడిగాడు. అప్పడమంత పలచగా ఉంటాయవి. పగిలిపోతాయేమోనని అప్పట్లో కుసుమే వాటిని పాత వాయిల్ చీర ముక్కలో చుట్టి, ఇంట్లో విలువైనవన్నీ ఎక్కడ పెడుతుందో అక్కడే, పట్టుచీరల బీరువాలో అడుగు అరలో దాచింది. ఆ మెత్తటి చీర ముక్కతోనే ఆయన గ్లాసులన్నీ తళతళలాడేలా తుడిచాడు.

గ్రెగ్, టెస్ వచ్చారు. గ్రెగ్ బూట్లు విప్పి గడప పక్కన పెట్టి, సీసాలన్నీ తీసుకుని వంటింటి గట్టు మీద వెండిరంగు రేకు చుట్టి కలిపేశాడు. ఏది ఏ ఊరిదో చూడకుండా చెబుదాం, అప్పుడే నిజం తెలుస్తుంది అన్నాడు. ఆనందరావు ముఖం పాలిపోయింది. ముందు రోజంతా అయిదింటి వివరాలూ బట్టీ పట్టాడు పాపం. కుసుమ అద్దాల తలుపులోంచి ఆ ముఖం చూసింది. పళ్ళెంలో చెకోడీలు పెట్టుకుని, తలుపు జరుపుకుని లోపలికి అడుగు పెట్టింది.

పెట్టగానే ఆమె ముక్కుకి బీరువా తలుపు తీసినట్టు కొట్టింది. పట్టుచీరల మడతల్లో పురుగు పట్టకుండా పెట్టే కలరా ఉండల వాసన. బల్ల మీంచి వస్తోంది. మూడు గ్లాసుల్లోనూ మొదటి తెల్ల వైన్ పోసి ఉంది. గ్రెగ్ ఫోన్లో ఎవరికో జవాబిస్తున్నాడు. టెస్ తర్వాతి సీసా మూత తీస్తోంది. ఆనందరావు ఒక్కడే గ్లాసు చేతిలోకి తీసుకుని, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికంటా పెట్టి, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. ఏదో గొప్పగా చెప్పబోయేవాడిలా నోరు తెరిచాడు.

కుసుమకి ఆలోచించే వ్యవధి లేదు. "ఏవండీ, ఆగండి. గ్లాసులన్నీ కలరా ఉండల వాసనొస్తున్నాయ్. నేనే బీరువాలో పెట్టా," అంది తెలుగులో, చెకోడీలు తినమని బతిమాలుతున్నట్టు మెల్లగా.

ఆయన కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో గ్లాసుల సంగతి లేదు. నీకు తెలుసా అని ఉంది. ఆమె చూపు తిప్పుకోలేదు. తర్వాత గ్రెగ్ వైపు తిరిగి, ఒక్క నిమిషం, ఈ గ్లాసులు పనికిరావు, నాఫ్తలీన్ పట్టింది అని ఇంగ్లీషులో అన్నాడు.

గ్రెగ్ తన గ్లాసు వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాడు. గట్టిగా నవ్వి ఆనందరావు భుజం చరిచాడు. నేనైతే అమెరికా ద్రాక్షకి ఇదే వాసనేమో అనుకునేవాణ్ణి, అందుకే నా ముక్కును నేను నమ్మను, నీదే నమ్ముతాను అన్నాడు. ఈసారి ఎప్పుడూ తేనంత సరుకు తెస్తున్నామనీ, పాత ఫ్రెంచి సరుకు ఒప్పందాలు వదిలేసుకున్నాననీ, ఇవి అమ్ముడుపోకపోతే కొట్టు మూసుకోవడమేననీ టెస్‌తో నవ్వుతూనే చెప్పాడు. కుసుమకి చేతుల్లో పళ్ళెం బరువైంది. అమ్మయ్య గండం గడిచిందనుకున్న మనిషికి ఇంకో గండం కనబడింది.

మంచినీళ్ళు తాగే మామూలు గాజు గ్లాసులు తెచ్చి పెట్టారు. గ్రెగ్ కుసుమని కూడా కూర్చోమన్నాడు. తాగనక్కర్లేదు, ఊరికే వాసన చూడు అన్నాడు. ఆమె భర్త పక్క కుర్చీలో కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా గరాజు దాటనివ్వని వ్యవహారం మధ్యలో, తన ముందు కూడా ఒక గ్లాసు పెట్టుకుని కూర్చుంది.

మొదటిది మళ్ళీ పోశారు. ఆనందరావు పీల్చాడు. గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు. టెస్ పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తోంది. కుసుమ తన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, పళ్ళెం ఆయన వైపు జరిపి, "చెకోడీలు తీసుకోండి. నిమ్మాకు నలిపినట్టుంది," అంది.

ఆయన ఒక చెకోడీ తీసుకున్నాడు. నిమ్మ, పచ్చి యాపిల్, చల్లటి దేశపు ద్రాక్ష, ఇది మిషిగన్ అన్నాడు. గ్రెగ్ రేకు విప్పి చూసి బల్ల మీద దరువు వేశాడు. రెండోదానికి ఆమె "ఇంకోటి తీసుకోండి. సంపెంగ పువ్వు, మాగిన మామిడిపండు," అంది. ఆయన వర్జీనియా అన్నాడు. అదీ నిజమైంది. చెకోడీలంటే ఈయనకి ఎంత ప్రేమో అని టెస్ నవ్వింది. కుసుమకి నవ్వు రాలేదు. దొంగతనంలో చెయ్యి కలిపిన మనిషికి ఎలా ఉంటుందో ఆమెకి అలా ఉంది.

మూడోది ఎర్రది. ఆమె వాసన చూసింది. నేరేడుపళ్ళున్నాయి. వాటి వెనక ఇంకేదో ఉంది. వానకి తడిసి మూల పడేసిన గోనెసంచి లాంటిది. ఆమె అదే చెప్పింది. ఆయన క్షణం తటపటాయించాడు. తడిసిన గోనె అంటే రెండు అర్థాలుంటాయని ఆయనే ఒకప్పుడు భోజనాల దగ్గర చెప్పాడు. ఒకటి ఆ ద్రాక్ష పుట్టిన మట్టి. రెండోది బెరడు మూత పాడై సీసా చెడిపోవడం. ఏదో తేల్చాల్సింది ముక్కు. ఆమె ముక్కుకి గోనెసంచి అని తెలుసు, అంతవరకే.

టెస్ మొహం చిట్లించి, ఇది బాగానే ఉందంటారా అని అడిగింది. ఆనందరావు బాగానే ఉంది, ఇది మిస్సోరీ, అక్కడి ద్రాక్షకి మట్టి వాసన సహజం అన్నాడు. అలా అనేటప్పుడు ఆయన గొంతు ఎంత నిబ్బరంగా ఉందో చూసి కుసుమకి భయం వేసింది. గ్రెగ్ రేకు విప్పి చూసి, సంతోషంగా తల ఊపి, దీన్నే అన్నింటికన్నా ఎక్కువ తెప్పిద్దాం, ఇలాంటిది ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు అన్నాడు. టెస్ రాసుకుంది. అది మట్టో, కుళ్ళో ఈ బల్ల దగ్గర ఎవరికీ తెలియదు. ఒక మనిషి తన కొట్టంతా తెచ్చి ఆమె గోనెసంచి మాట మీద పెడుతున్నాడు.

నాలుగోదానికి ఎండు ఖర్జూరం అని మాత్రం గొణిగింది. టెక్సస్ అని తేలింది. ఆఖరిది పోశారు. మిగిలింది ఐడహోయే కాబట్టి ఊరు అక్కర్లేదు, కాగితంలో రాయనిదేదైనా ఉంటే చెప్పు అన్నాడు గ్రెగ్.

ఆమె గ్లాసు ఎత్తింది. ఎత్తి, అలాగే ఉండిపోయింది. బ్యారన్‌లో మగ్గుతున్న పొగాకు. కాస్త తీపి, కాస్త పొగ, కాస్త మిరియం. కొత్తగా పెళ్ళైన రోజుల్లో సాయంత్రం ఇంటికొచ్చిన ఆనందరావు చొక్కా నుంచి వచ్చిన వాసన. ఇది ఆయన ఏ వివరాలూ చదవకుండా, కళ్ళకి గంతలు కట్టినా పోల్చగలిగిన వాసన. ఇప్పుడు అది ఆయన ముక్కు కిందే ఉంది, ఆయనకి అందడం లేదు. అది చెకోడీతో పాటు అందించడానికి ఆమెకి నోరు రాలేదు. ఏడుపొచ్చింది. గ్లాసు కింద పెట్టేసింది.

ఆనందరావు పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. గ్రెగ్ ముందుకు వంగాడు. టెస్ పెన్సిల్ కాగితం మీద ఆగింది. బయట ట్రామ్ వెళ్ళింది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె పళ్ళెం జరపలేదు. పళ్ళెంలో ఇంకా చాలా ఉన్నాయి.

"కుసుమా, చెకోడీలు ఉన్నాయా?" అన్నాడు. గొంతులో బతిమాలడం ఉంది.

"అయిపోయాయండి," అంది ఆమె.

ఆయన పళ్ళెం వంక చూశాడు. ఆమె వంక చూశాడు. కోపం వస్తుందేమో అనుకుంది ఆమె, వచ్చినా పడదామనుకుంది. కోపం రాలేదు. ఆయన భుజాలు కిందికి దిగాయి. గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని పక్కన పెట్టుకుని, గ్రెగ్, నాకు వాసన తెలియడం లేదు అన్నాడు.

ఇందులో వాసన లేదా అని అడిగాడు గ్రెగ్. ఇందులోనే కాదు, దేంట్లోనూ తెలియడం లేదు, చలికాలంలో జ్వరం వచ్చినప్పటి నుంచి అన్నాడు ఆనందరావు. గ్రెగ్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆగస్టులో వచ్చిన సరుకు ఎవరు ఎంచారని అడిగాడు. నేనే, కాగితాలు చూసి అన్నాడు ఆనందరావు. ఇందాకటి మూడో సీసా మాటేమిటని అడిగాడు. తెలియదు అన్నాడు. టెస్ మూడో గ్లాసు మళ్ళీ అందుకుని చాలాసేపు వాసన చూసి, లేచి వెళ్ళి సింకులో పారబోసింది. కాగితం మీద రాసిన వరుస మీద గీత కొట్టింది.

గ్రెగ్ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది కుసుమకి. సీసాలకి ఒక్కొక్కటే మూతలు పెట్టి పెట్టెలో సర్దుకున్నాడు. గడప దగ్గర బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండానే, సోమవారం కొట్టు తాళాలు పట్టుకురా అన్నాడు. కుసుమకి మాత్రం థాంక్స్ చెప్పి, చెకోడీలు బావున్నాయన్నాడు. కారు వెళ్ళిపోయింది.

ఇల్లంతా వైన్ వాసనగా ఉంది. ఆనందరావు బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. కుసుమ గ్లాసులు తీద్దామని లేచి, తియ్యలేక మళ్ళీ కూర్చుంది. ఆమెకి ఉద్యోగం పోయిందన్న బాధ ఇంకా అందలేదు. దానికన్నా ముందు పాత కోపమే గొంతులోకి వచ్చింది.

"గ్రెగ్‌కి చెప్పలేదు సరే. నాకెందుకు చెప్పలేదండీ? నేనేమైనా బయటిదాన్నా?"

ఆయన దుప్పటి మీద పడ్డ ఎర్ర మరకని వేలితో రుద్దాడు. "ఉద్యోగం గురించైతే చెప్పేవాణ్ణే కుసుమా. నీకు చెప్పాలంటే ఇంకోటి కూడా చెప్పాలి. నీ వాసన కూడా తెలీట్లేదు నాకు. పక్కన పడుకుంటావ్, జడ దగ్గర ముక్కు పెడతాను, ఏమీ ఉండదు. ఎవరో కొత్త మనిషి పక్కన పడుకున్నట్టుంటుంది. అది పెళ్ళానికి ఎలా చెప్తారు?"

ఈ చలికాలమంతా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వయసు మీద పడింది, తన మీద మోజు తీరిందేమో అని ఆమె ఎన్ని రాత్రులు అనుకుందో ఆ దేవుడికే తెలుసు. పాలు మాడిన సంగతి, ఇంగువ సంగతి కనిపెట్టిన మనిషి దీన్ని మాత్రం కనిపెట్టలేకపోయింది. కోపం ఎటు పోయిందో పోయింది. ఆమె కుర్చీ జరుపుకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"డాక్టర్ దగ్గరికెళ్దాం. అది వస్తుందో రాదో తర్వాత సంగతి," అంది. "మీకు తెలియకపోతే పోనీ. నాకు మీ వాసన తెలుస్తోందిగా. రేపట్నుంచి ఇటు తిరిగి పడుకోండి."